రాజేందర్ దిద్దిన ఫోటాన్లు

సోమవారం పొద్దున పదకొండు గంటల ప్రాంతంలో, అమీర్‌పేటలో మైత్రివనం వెనక సందులో ఉన్న శ్రీ మార్కండేయ జిరాక్స్ అండ్ డీటీపీ సెంటర్‌లో, నూట డెబ్బై నాలుగు ఫోటాన్లు ఫోటోలుగా మారాయి. ఎవరికీ గాయాలు కాలేదు. పని మూడు విడతల్లో సాగింది. మొదట ఏకవచనాలు మారాయి, తర్వాత బహువచనాలు, చివరికి విభక్తులు తగిలించుకున్నవి. ఆపైన, ముందు ‘పరస్పర’ ఉన్నా లేకున్నా, ‘చర్య’లన్నీ ‘చర్చ’లయ్యాయి. అవి ముప్పై ఒకటి. మెషీన్ నలభై కాపీలు తీసింది. రాజేందర్ ఒక్కొక్కటీ మధ్యకు మడిచి, రెండేసి పిన్నులు కొట్టి, దొంతరగా పేర్చి, మంచిపని చేసిన మనిషికి వేసే ఆకలితో టిఫిన్ డబ్బా మూత తీశాడు.

ఆ పదహారు పేజీల పుస్తకం రాసిన హరిణి పదకొండున్నరకు వచ్చింది. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉండి భౌతికశాస్త్రంలో పరిశోధన చేసే పిల్ల, కాకినాడ వైపు. పైనున్న కాపీ తీసి మూడో పేజీ తెరిచింది. మెల్లగా, ఎవరిదో ఉత్తరం చదివినట్టు చదివింది.

“‘ఒంటరి ఫోటో ఒక చోట చిక్కుకుపోతుంది. అదే రెండు ఫోటోలు పరస్పర చర్చ జరుపుకుంటే మరికొంత దూరం ప్రయాణించగలవు.’”

పుస్తకం మూసింది. మారి ఉంటుందేమోనన్న ఆశతో మళ్ళీ తెరిచింది.

“అంకుల్, ఇదేంటి?”

“జర చూసిన బిడ్డా,” అన్నాడు రాజేందర్, ఇడ్లీ ముక్క పట్టుకున్న చెయ్యి డబ్బాలోనే ఉంచి. “అంతటా ‘ఫోటో’ను ‘ఫోటాన్’ అని రాసినవ్. తొందరల పడ్డట్టున్నది. అన్నీ సక్కజేసిన.”

ఆయన్ను తప్పుపట్టే ముందు ఆయన పుట్టుపూర్వాలు కొంచెం తెలియాలి. రాజేందర్‌ది సిరిసిల్ల. మగ్గాల మోత మధ్య పుట్టాడు. ఇరవై రెండేళ్ళప్పుడు కంప్యూటర్ నేర్చుకుందామని అమీర్‌పేట వచ్చాడు. చేరిన ఇన్‌స్టిట్యూట్ ఆరునెలల్లో బోర్డు తిప్పేసింది. అప్పటికి ఆయనకు వచ్చింది తెలుగు టైపింగ్ ఒక్కటే. దాన్నే పట్టుకుని ఇక్కడే పాతుకుపోయాడు. పాతికేళ్ళు దాటింది. బయోడేటాలు, ప్రాజెక్టు రిపోర్టులు, శుభలేఖలు, సంతాప కార్డులు, అన్నీ ఆయన వేళ్ళ మీదుగానే పోయాయి. ఎంతోమంది ఇంజనీర్లయ్యారు, ఎంతోమంది పెళ్ళిళ్ళు చేసుకున్నారు.

మగ్గం మీద పోగు తెగితే నేసే మనిషి ఎవర్నీ అడగడు. ఆపి, అతికి, మళ్ళీ నేస్తాడు. రాజేందర్ అక్షరాల దగ్గర కూడా అదే పద్ధతి పాటిస్తాడు. కస్టమర్ ప్రూఫు చూసి, కింద ‘ఓకే’ అని రాసి సంతకం పెట్టి వెళ్ళిపోయాక, ఆయన తీరిగ్గా కూర్చుని ఇంకోసారి చదువుతాడు. ఓకే అన్నది కస్టమర్ అభిప్రాయమని ఆయన ఉద్దేశం. తెగిన పోగులు అప్పుడు కనిపిస్తాయి.

ఈ పద్ధతిలో చాలామందికి మేలు జరిగింది. అందరికీ కాదు. సొంత చెల్లెలి కూతురి శుభలేఖ ఆయనే వేశాడు. ఆ పిల్లను ఇంట్లో అందరూ బుజ్జీ అనే పిలవడం వల్ల అసలు పేరు ఆయనకు సరిగ్గా పట్టుబడలేదు. కాగితం మీద ‘నిరోష’ అని ఉంటే, పాపం చెల్లెలికి రాయడం రాలేదనుకున్నాడు. ‘చి.ల.సౌ. నిరాశ’ అని మూడు వందల కార్డులు బంధువులకు అందాయి. పెళ్ళి నిక్షేపంగా జరిగింది. ఇప్పటికీ ఆ అమ్మాయి ఫోన్ చేస్తే “మామా, నేను నిరాశను మాట్లాడుతున్న” అనే మొదలుపెడుతుంది.

షాపు ముందు సగంలో కుట్టుమిషను వేసుకుని జాకెట్లు, చీరలకు ఫాల్సు కుట్టే చంద్రావతి ఆయన భార్య. హరిణి ముఖం చూడగానే ఆమెకు సంగతి అర్థమైంది. మిషను ఆపింది.

“మళ్ళ దిద్దినవా?”

“జర చూసిన,” అన్నాడు రాజేందర్.

“గా ‘జర’ తోనే కొంపలు మునుగుతున్నయి.”

హరిణి స్టూలు మీద కూలబడి, వీలైనంత నెమ్మదిగా చెప్పింది. ఫోటాన్ అంటే వెలుగు రేణువు. ఫోటోకూ దానికీ అక్షరాల్లో తప్ప చుట్టరికం లేదు. సాయంత్రం నాలుగింటికి పంజాగుట్టలో ఒక ట్రస్టు వాళ్ళ హాల్లో ఆమె మాట్లాడాలి. సైన్సు తెలియని వాళ్ళకు తమ పరిశోధనను తెలుగులో అర్థమయ్యేలా చెప్పినవాళ్ళలో ఒకరికి ఆ ట్రస్టు ఇంకో ఏడాది ఫెలోషిప్ ఇస్తుంది. ఆమెకు ఇప్పుడున్నది ఈ నెలాఖరుతో అయిపోతుంది. చేస్తున్న లెక్క సగంలో ఉంది.

“రాకపోతే ఏంజేస్తవ్ బిడ్డా?” అంది చంద్రావతి.

“ఈ సందు చివర కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పడానికి రమ్మంటున్నారాంటీ. రేపే చేరమంటున్నారు. లెక్క అలమరలో పెట్టేయడమే.”

రాజేందర్ టిఫిన్ డబ్బా మూత పెట్టాడు. ఆకలి పోయింది.

వెనక్కి మార్చడం అనుకున్నంత తేలిక కాలేదు. పాత ఫైలు మీదే కొత్తది సేవ్ చేయడం ఆయన అలవాటు. ఓకే అయిన ప్రూఫు కాగితాలు చంద్రావతి కత్తెర కింద అప్పటికే ఒక జాకెట్టు నమూనాకు రెండు చేతులూ ఒక వెనక మెడా అయిపోయాయి. ఫోటోలన్నిటినీ తిరిగి ఫోటాన్లు చేయడం మూడు విడతల్లో అయిపోయింది కానీ, వెనక అట్ట మీద హరిణి బొమ్మ కింద ‘ఫోటాన్: రవికాంత్ స్టూడియో’ అని వచ్చింది. దాన్ని పట్టుకుని దిద్దారు.

అసలు చిక్కు ‘చర్చ’ దగ్గర వచ్చింది. పుస్తకంలో నిజమైన చర్చలు కూడా ఉన్నాయి. ‘ఈ విషయం మా గైడ్‌తో చర్చ జరిగాక’ లాంటివి. అన్నిటినీ ఒక్క దెబ్బతో మారిస్తే గైడ్‌తో చర్య జరుగుతుంది. చేతిరాత కాగితాలు చూద్దామంటే హరిణి రాతలో ‘చర్య’, ‘చర్చ’ కవల పిల్లలు.

“నా తప్పు సగమే అన్నట్టు,” అన్నాడు రాజేందర్ కాస్త తేరుకుని.

“నువ్వు గమ్మున గూసో,” అంది చంద్రావతి.

ఒక్కొక్క వాక్యం చదివి, అర్థం చూసి మార్చాలి. అర్థం చూడాలంటే రాజేందర్‌కు అర్థం కావాలి. హరిణి పక్కనే కూర్చుని వేలు పెట్టి చూపిస్తూ చెప్పసాగింది.

“రెండు టార్చిలైట్లు ఎదురెదురుగా వేస్తే వెలుగులు గుద్దుకోవు కదా అంకుల్. ఒకదాంట్లోంచి ఒకటి దూసుకెళ్ళిపోతాయి. ఫోటాన్లు మామూలుగా ఒకదాన్నొకటి పట్టించుకోవు.”

“మంచి బుద్ధి.”

“కానీ చాలా చిన్న గదులు వరసగా చేసి, ఒక్కో గదిలో ఒక పరమాణువును పెడితే, ఒకే గదిలోకి వచ్చిన రెండు ఫోటాన్లు ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద పడేలా చేయొచ్చు. అదే పరస్పర చర్య.”

“సరే.”

“ఇప్పుడు ఆ గదులన్నీ ఒకేలా లేవనుకోండి. ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది. అస్తవ్యస్తంగా ఉన్నాయి. అప్పుడు ఒంటరి ఫోటాన్ ముందుకు పోలేదు. కొంచెం దూరం పోయి అక్కడక్కడే ఉండిపోతుంది.”

“ఎందుకు? తలుపులేసుంటయా?”

“లేదు, తలుపులన్నీ తెరిచే ఉంటాయి.”

“మరి గోడ అడ్డమున్నదా?”

“గోడా లేదు. ఫోటాన్ అల కూడా కదా. ప్రతి గది దగ్గరా కొంత వెనక్కి తిరుగుతుంది. అలా తిరిగొచ్చినవన్నీ కలిసి ముందుకు పోయేదాన్ని చెరిపేస్తాయి.”

రాజేందర్ పదిమంది మాస్టర్ల బయోడేటాలు టైపు చేసిన మనిషి. అబద్ధం చెప్పి తల ఊపడం ఆయనకు తెలియనిది కాదు. కానీ ఈ పూట ఆ ధైర్యం చాలలేదు.

“బిడ్డా, ఏమనుకోకు. నాకైతే సమజ్ కాలే.”

హరిణి వేలు తెర మీదే ఆగిపోయింది. సైన్సు తెలియని మామూలు మనిషికి అర్థం కావాలన్నదే ఆ ట్రస్టు నియమం. అలాంటి మనిషి ఒకరు ఆమె పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నారు.

మూడుంపావుకు రెండోసారి నలభై కాపీలు తయారయ్యాయి. షాపు షట్టరు దించి ముగ్గురూ బయల్దేరారు. రెండు కట్టలూ తానే మోస్తానని రాజేందర్ పట్టుబట్టాడు. ఆయన్ను ఒంటరిగా పంపితే దారిలో ఇంకేం దిద్దుతాడోనని చంద్రావతి కూడా వచ్చింది.

అమీర్‌పేటలో మైత్రివనం నుంచి మెట్రో మెట్లదాకా నడిచినవాళ్ళకు తెలుసు, అది రోడ్డు కాదు. పది అడుగులకొకరు పాంప్లెట్ల కట్టతో నిలబడి ఉంటారు. జావా, పైథాన్, డేటా సైన్స్, డెమో ఫ్రీ, ఈ రోజే ఆఖరు. చెయ్యి చాస్తే తీసుకోవాలి, తీసుకుంటే ఆగాలి, ఆగితే “మీ క్వాలిఫికేషన్ ఏంటి మేడమ్” అంటారు.

భార్యాభర్తలు ముందు నడుస్తున్నారు. చంద్రావతి అందుకుంది.

“ఆ పిల్ల బతుకుదెరువు మీద నీకు దిద్దుబాటు గావాల్నా?”

“నేనేం కావాలని చేసిన్నా?”

“కావాలని చేసేటోడే నయం, తెలుస్తది. నువ్వు మంచికని చేస్తవ్.”

“నలుగురున్నరు, మెల్లగ.”

“ఎందుకు మెల్లగ? నిరాశ సంగతి సిరిసిల్ల అంతా తెలుసు, అమీర్‌పేటకు తెలిస్తే ఏమైతది?”

అలా మాట్లాడుకుంటూనే మెట్ల దగ్గరకు చేరారు. వెనక్కి తిరిగి చూస్తే హరిణి లేదు. రెండు నిమిషాలకు వచ్చింది, చేతిలో నాలుగు పాంప్లెట్లతో, చెదిరిన జుట్టుతో. ఒక కుర్రాడు ఆమెను నాలుగడుగులు వెనక్కి తీసుకెళ్ళి బోర్డు కూడా చూపించాడట.

“మీకెన్ని ఇచ్చారంకుల్?”

రాజేందర్ చేతులు చూసుకున్నాడు. కట్టలు తప్ప ఏమీ లేవు. “ఒక్కటి సుత ఇయ్యలే. రోజూ నేనొక్కడినే వస్తే జేబు నిండుతది.”

“ఆంటీ తిడుతుంటే వాళ్ళు పక్కకు జరిగారు,” అంది హరిణి, ఏదో లెక్క చూస్తున్నట్టు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ. “నేను చూశాను. తలుపులు తెరిచే ఉన్నాయి. గోడా లేదు. అయినా నేనే ఆగిపోయాను.”

రాజేందర్ ఒక మెట్టు ఎక్కాడు, ఆగాడు.

“గిదేనా?” అన్నాడు.

“పూర్తిగా ఇదే కాదు. కానీ ఇలాంటిదే.”

పంజాగుట్ట ఒక్క స్టేషనే. రాజేందర్ రైల్లో తలుపు అద్దంలో తన ముఖాన్ని చూసుకుంటూ నిలబడ్డాడు.

హాలు చిన్నది, యాభై కుర్చీలు. ముందు వరసలో ముగ్గురు పెద్దలు. నడిమి ఆయన జోగారావు గారు, రిటైరైన తెలుగు లెక్చరరు, చేతిలో ఎర్ర సిరా పెన్ను. ఆ పెన్ను చూడగానే రాజేందర్‌కు తన జాతి మనిషి కనిపించినట్టయింది, భయమూ వేసింది.

హరిణి నాలుగో మనిషి. ముందు మాట్లాడిన ముగ్గురూ ఒకరు వరి వంగడం గురించి, ఒకరు వానల గురించి, ఒకరు వంతెనల గురించి చెప్పారు. అవన్నీ కంటికి కనబడేవి. హరిణి ఫోటాన్లు కనబడవు. పన్నెండు నిమిషాలు చెప్పింది. బట్టీపట్టిన మాటలే ముందుగా నోటికి వచ్చాయి. జోగారావు గారు తల ఊపలేదు. చివరికి పుస్తకం ఎత్తి పట్టుకున్నారు.

“పేజీ తొమ్మిది, కింది నుంచి నాలుగో వరస. ‘ఫోటాన్ల పరస్పర చర్చ.’ ఏంటమ్మా, ఇవి మాట్లాడుకుంటాయా?”

“అచ్చుతప్పండీ. చర్య అని ఉండాలి.”

“తెలుగులో చెప్పమని పిలిచింది. తెలుగే తప్పు రాస్తే ఎలాగమ్మా?”

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. చంద్రావతి ఆయన చొక్కా అంచు పట్టుకుని లాగుతుండగానే రాజేందర్ లేచి నిలబడ్డాడు.

“తప్పు నాది సార్. బిడ్డ సక్కగనే రాసింది. నేనే దిద్దిన.”

“దిద్దితే తప్పెలా వస్తుందండీ?”

“నేను దిద్దితే గట్లనే వస్తది సార్.”

ఎవరో నవ్వారు. జోగారావు గారు కళ్ళజోడు సవరించుకున్నారు.

“మీరు సైన్సు చదువుకున్నారా?”

“లేదు సార్. టెన్త్. తర్వాత టైపింగ్.”

“పుస్తకం మొత్తం టైపు చేశారుగా. మీకేమర్థమైందో చెప్పండి చూద్దాం.”

రాజేందర్‌కు హరిణి బల్ల అంచును గట్టిగా పట్టుకుని ఉండటం కనిపించింది. ఇంతమంది ముందు ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. శుభలేఖ గొడవప్పుడు కూడా చెల్లెలే మాట్లాడింది.

“షాపుల చెప్పినప్పుడు ఏం సమజ్ కాలే సార్,” అన్నాడు. “నడుస్తుంటే అయింది. మాది అమీర్‌పేట. మైత్రివనం నుంచి మెట్రోదాకా ఒక్కడే పోతే, అడుగడుక్కు ఒకడు పాంప్లెటిస్తడు. అడ్డమేం లేదు, అయినా పోలేం. జర ముందుకు, జర వెనక్కు. ఆడాడనే ఉంటం. గదే ఒంటరి ఫోటాన్. ఇయాల నేనూ నా భార్యా మాట్లాడుకుంట వచ్చినం.”

“మాట్లాడుకుంటూ అంటే?”

“తిడుతున్నది సార్. ఒక్కడు మమ్మల్ని ఆపలే. ఇద్దరికీ నడుమ ఏదో నడుస్తుంటే, తొవ్వల ఉన్నది మమ్మల్ని పట్టలే. ఇద్దరుంటే ఎప్పుడైనా దాటుతరు, గంతే సార్ సంగతి.”

“అది తప్పంకుల్,” అంది హరిణి.

పరీక్షలో ఉన్న మనిషి తన వైపు సాక్షి మాటనే కొట్టేయడం అక్కడెవరూ చూడలేదు.

“ఎప్పుడూ దాటవు. పరస్పర చర్య మరీ ఎక్కువైతే జంట బరువెక్కిపోతుంది. ఒంటరిదానికన్నా ముందే ఆగిపోతుంది.”

రాజేందర్ ముఖం వెలిగింది.

“అరె, అదీ నిజమే బిడ్డా. దసరా ముందు షాపింగుకు పోయినప్పుడు మాట పెరిగి పెద్దగైంది. అక్కడికక్కడే అర్ధగంట నిలబడ్డం. ముందుకూ పోలే, వెనక్కీ పోలే.”

“ముప్పావుగంట,” అంది చంద్రావతి తల వంచుకునే. ఆమె తనకు తాను చెప్పుకుంది కానీ హాలు మరీ చిన్నది.

“అయితే ఎంత తిట్టాలమ్మా?” అన్నారు జోగారావు గారు, ఈసారి హరిణితో.

“అదేనండీ నా లెక్క,” అంది హరిణి. బల్ల అంచు వదిలేసింది. బట్టీ పోయింది, చేతులు మాట్లాడటం మొదలుపెట్టాయి. “అసలు లేకపోతే ఒక్కొక్కటీ విడిగా ఆగిపోతుంది. మరీ ఎక్కువైతే రెండూ కలిసి ఆగిపోతాయి. మధ్యలో ఎక్కడో జంట అన్నిటికన్నా ఎక్కువ దూరం పోతుంది. ఆ ‘ఎక్కడో’ ఎక్కడ అన్నదే సగంలో ఉంది. ఇంకో విషయం కూడా చెప్పాలి. రోడ్డు మీద మనిషిని పాంప్లెట్ ఆపుతుంది. ఫోటాన్‌ను మాత్రం దాని సొంత అలలే ఆపుతాయి. ఆ తేడా మర్చిపోకూడదు.”

“అర్థమైందమ్మా,” అన్నారు జోగారావు గారు. పక్కాయన చెవిలో ఏదో చెప్పారు. పేజీ తొమ్మిదిలో ‘చర్చ’ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు కానీ కొట్టేయలేదు.

అయిదున్నరకు నిర్ణయం చెప్పారు. ఏడాది ఫెలోషిప్ హరిణికే. ఆమె గైడ్‌కు ఫోన్ చేయడానికి హాలు బయటికి పరిగెత్తి, సగం మెట్లు దిగి, మళ్ళీ పైకొచ్చి చంద్రావతిని వాటేసుకుని, మళ్ళీ దిగింది. రాజేందర్ మిగిలిన కాపీలు సర్దుతూ పేజీ తొమ్మిది తెరిచి ఆ ఒక్క అక్షరం వంక చాలాసేపు చూశాడు. దిద్దలేదు. ఆయన జీవితంలో అది చిన్న సంగతి కాదు.

తిరుగు ప్రయాణంలో మెట్రో ప్లాట్‌ఫారం మీద చంద్రావతి అంతవరకు ఆపుకున్నదంతా బయటపెట్టింది.

“గంత పెద్దమనుషులల్ల నా నోటి సంగతే చెప్పాల్నా? తిడుతదని ఊరందరికీ దండోరా వేసినవ్. నీకింకో ఉదాహరణే దొరకలేదా?”

“మస్తున్నయ్ గని చంద్రా, రుజువైంది గిదొక్కటే,” అన్నాడు రాజేందర్.